అమ్మను గీకిన ఊరు

మా ఊరి అమ్మవారి ఎడమ రొమ్మును ఎవరు అరగదీశారో నాకు తెలుసు. మా జేజి, నాయన తల్లి. ఆమెకు ముందు ఆమె అత్త, ఆమె తర్వాత మా అమ్మతో సహా ఊళ్లో కోడలున్న ప్రతి ఇంటి అత్తా. ఇందులో దాపరికమేమీ లేదు. పట్టపగలు, మంగళవారం పూట, పసుపు రాసి, దండం పెట్టుకుని మరీ గీకేవాళ్లు.

ఈ మాట నేను బడిలో చెప్పను. అనంతపురంలో సోషల్ పాఠాలు చెప్పే టీచర్ని. ఏడాదికోసారి పిల్లల్ని బస్సెక్కించి పాత గుళ్లు చూపించడానికి తీసుకెళ్తాం. బస్సు దిగిన కాసేపటికే ఎవరో ఒకరు అడుగుతారు, టీచర్, ఈ బొమ్మకు ముక్కు లేదేం, ఆ బొమ్మకు చేతులు లేవేం అని. నాతో వచ్చే లెక్కల సారు దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. శత్రువుల సైన్యాలు అంటాడు. పిల్లలు తలలూపుతారు. సైన్యాలు పగలగొట్టినవి లేవని నేననను, ఉన్నాయి. కానీ సైన్యం ఒక రోజు వచ్చి పోతుంది. ఊరివాళ్లు రోజూ ఉంటారు. రాయికి మొక్కేదీ వాళ్లే, రాయితో పని పడేదీ వాళ్లకే.

మా ఊరు మడకశిర దాటి ఇంకా లోపలికి పోవాలి. సగం మాటలు కన్నడం, సగం తెలుగు, మధ్యలో గొర్రెల అరుపులు. ఊరికి పడమరగా గుట్ట ఉంది. దాని కింద, మా చేనిగట్టు పక్కన, అమ్మవారు నిలబడి ఉండేది. గుడి లేదు, గోడ లేదు, పైన కప్పు లేదు. ఏ రాజు చేయించాడో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలని ఎవరూ అనుకోలేదు. మనిషంత ఎత్తు, సన్నటి నడుము, మెడలో హారాలు. చెక్కినవాడు హారంలోని పూసలు కూడా విడివిడిగా చెక్కాడు. అంత నాజూకుగా ఎందుకు కుదిరిందంటే ఆ రాయి మెత్తటిది. బలపపు రాయి. గోటితో గీకినా తెల్లటి గీత పడుతుంది. ఆ మెత్తదనమే ఆమె కొంప ముంచింది.

ముందు పోయినవి వేళ్లు. మా నాయన చిన్నప్పుడు ఊళ్లో బలపాలు కొనిచ్చే దిక్కు లేదు. పిల్లలు గుట్ట దగ్గరికి పోయి అమ్మవారి వేళ్లు విరిచి తెచ్చుకునేవాళ్లు. మా నాయన అ ఆలు దిద్దుకున్నది అమ్మవారి చిటికెన వేలితో. ఆ సంగతి ఆయన గొప్పగా చెప్పుకునేవాడు. తనకు అంత చదువు వచ్చింది అందుకేనని ఆయన నమ్మకం. చేయి ఆ తర్వాత పోయింది. అమ్మవారి వేలు చూపించే దిక్కున నిధి ఉందని ఎవరో నిమ్మకాయలు, గడ్డపారలు పట్టుకుని వచ్చారు. చూపించడానికి వేలు లేదు. ఆ కోపంలో మోచేతి దాకా విరగ్గొట్టి, రెండో చేయి కూడా విరగ్గొట్టి, నాలుగు వైపులా తవ్వి పోయారు. ముక్కు మాత్రం మా చిన్నాయన పని. బోరు వేయించి, నీళ్లు పడక, పైకి దుమ్ము మాత్రమే లేచిన రోజు సాయంత్రం తాగి వచ్చి గడ్డపారతో మొహం మీద కొట్టాడు. తెల్లారి కుంకుమ తీసుకుని పోయి కాళ్ల మీద పడ్డాడు. ఊళ్లో ఎవరూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. బోరు ఫెయిలైన మనిషికి ఆ మాత్రం హక్కుందని అందరూ అనుకున్నారు. ఇక నడుము వంపు గొర్రెలు ఒళ్లు రుద్దుకుని రుద్దుకుని నున్నగా చేశాయి.

రొమ్ము కథ వేరు. అది కోపంతోనో ఆశతోనో పోయింది కాదు. ఆకలితో పోయింది.

బాలింతకు పాలు పడకపోతే అత్త పోవాలి. తల్లి పోకూడదు. తలస్నానం చేసి, అమ్మకు నీళ్లు పోసి, పసుపు పూసి, కొడవలి మొనతో ఎడమ రొమ్మును గీకి ఆ పొడిని గిన్నెలో పట్టాలి. పాలలాగే తెల్లగా రాలుతుంది. దాన్ని బెల్లం నీళ్లలో కలిపి బాలింతకు తాగిస్తారు. కుడి రొమ్ము ఆవులకూ బర్రెలకూ. దాన్ని తక్కువ గీకేవాళ్లు, ఎందుకంటే కరువులో ముందు పశువుల్ని అమ్మేస్తాం, పాలు పడని ఆవు ఇంట్లో ఉండేదాకా ఆగం. కోడలిని అమ్మడానికి లేదు కాబట్టి ఎడమది అరిగింది. నేను చూసేనాటికి అక్కడ రొమ్ము లేదు, గుంట ఉంది. అరచేయి పట్టేంత లోతు. ఎప్పుడైనా నాలుగు చినుకులు పడితే అందులో నీళ్లు నిలిచేవి. పిచ్చుకలు వచ్చి తాగేవి.

పొడి తాగితే పాలు పడేవా అంటే, కొందరికి పడేవి. పడకపోతే తప్పు రాయిది కాదు, కోడలిది. దీనికి అమ్మ కూడా ఇయ్యలేదు అని వాకిట్లో నిలబడి చెప్పేవాళ్లు. ఆ మాట పడ్డ ఆడది మళ్లీ కాన్పు దాకా తలెత్తేది కాదు. నేను పుట్టినప్పుడు మా అమ్మకు పాలు రాలేదట. మా జేజి గీక్కొచ్చింది. మా అన్న పెళ్లయి వదినకు కూతురు పుట్టినప్పుడు మా అమ్మ గీక్కొచ్చింది. కాబట్టి ఆ గుంటలో నా పాలు కొంత, మా వదిన పాలు కొంత ఉన్నాయి. ఈ సంగతి తర్వాత మా వదినకు గుర్తు రాలేదు.

మేం ముగ్గురం. అందరికంటే పెద్దది అక్క, తర్వాత అన్న, చివర నేను. అక్కను ఊళ్లోనే మేనమామ కొడుక్కి ఇచ్చారు. దానివల్ల ఆమె పుట్టింటికీ అత్తింటికీ మధ్య ఒక వీధి దూరమే ఉండేది. పిల్లలు లేరు. అన్న కూతుర్ని చంకన వేసుకుని పెంచింది. అమ్మవారి జాతరలో బియ్యప్పిండితో జ్యోతి చేసి, అందులో నెయ్యి పోసి వెలిగించి, నెత్తిన పెట్టుకుని గుట్ట దాకా నడవాలి. మొదటి జ్యోతి మా ఇంటిది. కోడళ్లు ఎత్తకూడదు, ఇంటి ఆడబిడ్డే ఎత్తాలి. పెద్దమనిషి అయిన ఏటి నుంచి అక్కే ఎత్తేది. డప్పులు ముందు, ఆమె వెనక, ఊరంతా ఆమె వెనక. మా అక్క అందగత్తె కాదు. మాట్లాడితే ముల్లు గుచ్చినట్టుంటుంది. అత్తింట్లో ఆమె మాటకు విలువ లేదు, పుట్టింట్లో అంతకంటే లేదు. ఏడాదికి ఆ ఒక్క పూట మాత్రం ఊరు ఆమె వెనక నడిచేది. ఆమెకున్న ఆస్తి అదే.

అక్కకు రొమ్ములో గడ్డ అని తేలింది కొన్నేళ్ల కిందట. చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పేసరికి తీసేయక తప్పదన్నారు. కుడి వైపుది. ఎడమదైతే కథకు బాగుండేది, కానీ కుడిదే. అనంతపురంలో ఆపరేషన్ చేయించి మా ఇంట్లోనే పెట్టుకున్నాను. తెలివి వచ్చాక ఆమె అడిగిన మొదటి మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"తీసింది యాడ పారేసినారు?"

పారేయలేదక్కా, సీసాలో పెట్టి పరీక్షకు పంపినారు అన్నాను.

"సీసాలో పట్టిందా?" అంది.

తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది. నాకు ఏడుపు వచ్చింది. ఆమెకు రాలేదు. జుట్టంతా ఊడిపోయి, మళ్లీ మొలిచి, మాంసం లేని మొహంతో ఊరికి పోయింది. జాకెట్టులో పాత చీర ముక్కలు మడిచి పెట్టుకునేది. అయినా వీధిలో ఆడవాళ్ల చూపు ముందు అక్కడికే పోయేది, తర్వాత మొహానికి వచ్చేది. బాగుండావా అని అడిగేవాళ్లు జాకెట్టును అడిగినట్టుండేది.

అదే ఏడాది మా అన్నకు గుడి కట్టించాలనే బుద్ధి పుట్టింది. ఆయనకు రాజకీయం ఉంది. వరుసగా వానలు లేవు, వేరుశనగ మట్టిలోనే మాడిపోయింది, జనానికి ఏదో ఒకటి చేసి చూపించాలి. వాన తేవడం కంటే గుడి తేవడం తేలిక. ఆగమాలు తెలిసిన అయ్యవారిని ఎక్కడి నుంచో పిలిపించాడు. ఆయన అమ్మవారి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముక్కు లేదు, చేతులు లేవు, రొమ్ము లేదు. ఇన్నాళ్లూ దీనికి పూజ ఎలా చేశారని నోరు తెరిచాడు. భిన్నమైన, అంటే విరిగి పోయిన విగ్రహం ఊళ్లో ఉంటే అరిష్టమనీ, వాన పడనిది అందుకేననీ, నీళ్లలో వదిలేసి ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర నుంచి నల్లరాతి అమ్మను తెచ్చి నిలపాలనీ చెప్పాడు.

ఊళ్లో ఒక్కరు కూడా అడ్డం మాట్లాడలేదు. నేను దాన్నే చూస్తూ కూర్చున్నాను. వేళ్లు విరిచినవాళ్లున్నారు, ముక్కు కొట్టిన చిన్నాయన ఉన్నాడు, పొడి గీకిన అత్తలున్నారు, తాగిన కోడళ్లున్నారు. అందరూ అయ్యో, భిన్నమైపోయిందే అన్నారు, తమ చేతులతో ఏ సంబంధమూ లేనట్టు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటారు కదా. మా వాళ్లు వాసాలు లెక్కపెట్టలేదు, పీక్కుని పొయ్యిలో పెట్టుకున్నారు. పెట్టుకుని, ఇల్లు వాననీళ్లకు ఆగదని ఇంటిని తిట్టారు.

ఆ సాయంత్రం అన్న ఇంట్లో జాతర మాటలు వచ్చాయి. పాత అమ్మను సాగనంపే జాతర, కొత్త అమ్మను నిలిపే జాతర, రెండూ ఒకటే. అన్న అక్క వైపు చూడకుండా గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ, "ఈసారికి నువ్వు రెస్టు తీసుకో అక్కా. గుట్ట దాకా నడస్తే అలిసిపోతావు" అన్నాడు.

"అలిసినానని నేనేమన్నా నీతో చెప్పినానా?" అంది అక్క.

అన్న క్యాలెండరులో ఒక కాగితం తిప్పాడు. అయ్యవారిని అడిగాడని, ఆయనేం చెప్పాడో అందరికీ ముందే తెలుసని నాకు అప్పుడు అర్థమైంది. మాట్లాడే పని వదిన తీసుకుంది. ఆమె గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

"అమ్మంతటి అమ్మనే భిన్నమైందని పక్కన పెడతాండాము వదినా. మనమెంత?"

అక్క లేచి తన ఇంటికి పోయింది. చెప్పులు కూడా వేసుకోలేదు. అన్న అప్పుడు నా వైపు తిరిగి, చిన్న ఆడబిడ్డవు నువ్వున్నావు కదా, నువ్వెత్తు అన్నాడు.

"నాకు రెండూ ఉండాయని నీకెవరు చెప్పినారన్నా?" అన్నాను.

తోబుట్టువుతో అనే మాట కాదు. అన్న తల దించుకున్నాడు. వదిన నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నాకు సిగ్గేయలేదు. ఆ రోజు అంతకంటే పెద్ద మాట దొరికి ఉంటే అదీ అనేదాన్ని. చివరికి మొదటి జ్యోతి అన్న కూతురు ఎత్తాలని తేల్చారు. అక్క చంకలో పెరిగిన పిల్లే. ఇంటర్ అయిపోయి పెళ్లికి సంబంధాలు చూస్తున్నారు. ఆ పిల్ల వద్దనలేదు, ఎత్తుతాననీ అనలేదు. ఆ పిల్లనెవరూ అడగలేదు కూడా.

ఇక నీళ్ల సంగతి. భిన్నమైన మూర్తిని నీళ్లలో వదలాలి, సరే. ఏ నీళ్లలో? దగ్గర్లో చెరువంటే చెరువు పేరు మాత్రమే ఉంది, అందులో పిల్లలు క్రికెట్ ఆడతారు. దూరంగా డ్యాముకు తీసుకుపోదామని ఒకరన్నారు. పొలిమేర దాటితే అమ్మ వెంట వాన కూడా పోతుందని ముసలివాళ్లు ఒప్పుకోలేదు. వాన ఉంటే కదా పోవడానికి అని ఎవరూ అనలేదు. కాబట్టి పొలిమేర లోపలే వదలాలి. మా చేలో పాత బావి ఉంది. రాతి కట్టుతో బాగా లోతైన బావి, అడుగున తుమ్మమొక్కలు మొలిచి ఉన్నాయి. బావి ఉంది, నీళ్లు లేవు. నీళ్లు లేని బావిలో వేస్తే అది వదలడం కాదు, పారేయడం అన్నారు అయ్యవారు. పెద్దమనుషులు చాలాసేపు ఆలోచించారు. ఆలోచించి ట్యాంకరు తెప్పిద్దామన్నారు.

ఇది నేను కల్పించి చెప్పడం లేదు. ఎవరైనా కల్పిస్తే ఇంత గొప్పగా రాదు. ఆ నెలలో ఊరికి తాగే నీళ్లు ట్యాంకరుతోనే వస్తున్నాయి, అదీ వీధికొక వంతు చొప్పున. ఇంటికి రెండు బిందెలు దొరికితే పండగ. అటువంటి ఊళ్లోకి అమ్మవారిని ముంచడానికి నిండు ట్యాంకరు వచ్చింది.

గుడి లేచి, నల్లరాతి అమ్మ వచ్చాక, జాతర రోజు పొద్దున్నే డప్పులు మొదలయ్యాయి. జేసీబీ తెప్పించారు. దాని చేతికి తాడు కట్టి అమ్మను లేపాలి. తాడు ఎక్కడ వేయాలో తెలియలేదు. చేతులుంటే చంకల కింద వేసేవాళ్లు. చేతులు లేవు. మెడకు వేద్దామంటే ఉరివేసినట్టుంటుందని అయ్యవారు వద్దన్నారు. ఎదకు చుట్టి కట్టారు. జేసీబీ లాగింది. అమ్మ పీఠం నుంచి లేచింది. తాడు బిగుసుకుని, గీకి గీకి పలచబడిన ఎడమ ఎద ఒక పెచ్చుగా ఊడి చేనిగట్టు మీద పడింది. పట్టు లేని తాడు పైకి జారింది. అమ్మ బావి అంచు దాకా ఒక పక్కకు ఒరిగి ఊగుతూ పోయి, అక్కడ పూర్తిగా జారి లోపల పడింది. చప్పుడు రెండుసార్లు వచ్చింది, ఒకటి గోడకు తగిలినప్పుడు, ఒకటి అడుగుకు తగిలినప్పుడు. అందరూ పోయి తొంగిచూశాం. తల వేరుగా, మొండెం వేరుగా ఉన్నాయి. మొహం పైకే ఉంది.

డప్పులు కాసేపు ఆగి మళ్లీ మోగాయి. ట్యాంకరు పైపు బావిలోకి వదిలారు. అప్పటికే ఆడవాళ్లు బిందెలు పట్టుకుని చేరారు. నీళ్ల బండి శబ్దం వింటే మా ఊళ్లో కాళ్లు వాటంతటవే కదులుతాయి, పండగైనా చావైనా. అక్క కూడా బిందెతో వచ్చి వెనక నిలబడింది. ట్యాంకరు వెనక కొళాయి కారుతోంది. ఒక ముసలామె దాని కింద చెంబు పెట్టింది. మా అన్న అక్కడి నుంచే కేకేశాడు.

"అది అమ్మ నీళ్లు. బిందెలు తియ్యండి."

తీశారు. నీళ్లు నేల మీద కారుతుంటే చూస్తూ నిలబడ్డారు. బావిలో నీళ్లు పోసినవి పోసినట్టే ఇంకిపోతున్నాయి. ఎన్నేళ్ల దాహమో ఆ నేలది. ట్యాంకరు ఖాళీ అయ్యేసరికి అమ్మ మొండెం సగం కూడా మునగలేదు. తల అసలు తడవలేదు. అయ్యవారు కొంచెం ఆలోచించి, పాదాలు మునిగితే మునిగినట్టే అన్నారు. అంతా చేతులు జోడించి కొత్త గుడి వైపు నడిచారు. మర్నాడు పొద్దున నేను పోయి చూస్తే బావిలో బురద కూడా ఆరిపోయింది.

జనం కదిలాక అక్క చేనిగట్టు మీదికి వంగింది. ఊడిపడ్డ పెచ్చును తీసి ఖాళీ బిందెలో వేసుకుంది. బిందె చంకన పెట్టి కొంగు కప్పుకుంది. ఎవరూ చూడలేదనుకుంటాను. చూసినా ఎవరూ అడగలేదు. ఆ వేళకు కొత్త గుడి దగ్గర అన్న కూతురు నెత్తిన జ్యోతి పెట్టుకుని నిలబడి ఉంది. డప్పులు ముందు, ఆమె వెనక, ఊరంతా ఆమె వెనక.

ఆ ఏడు వాన పడింది. పడదేమోనని ఆశపడ్డాను, పడింది. మరీ ఎక్కువ కాదు, వేరుశనగ కళ్లబడేంత. మా అన్న మీసం మీద చేయి వేసుకున్నాడు. అక్క ఆ రాతి పెచ్చును కిటికీలో పెట్టుకుంది. గుర్తొచ్చిన మంగళవారం దానికి పసుపు పూస్తుంది, లేకపోతే లేదు.

తర్వాత అన్న కూతురికి పెళ్లయింది. మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మగపిల్లవాడు. నేను వేసవి సెలవులకు ఊరికి పోయి అక్క ఇంట్లో ఉన్నాను. అన్న ఇల్లు, అక్క ఇల్లు వాకిళ్లు వేరే వీధుల్లో కానీ పెరళ్లు కలుస్తాయి. పిల్లవాడి ఏడుపు పగలంతా వినిపిస్తూనే ఉండేది. పిల్లకు పాలు పడలేదు. డబ్బా పాలు పడితే పిల్లవాడు కక్కుతున్నాడు. ఆసుపత్రికి తీసుకుపోండని నేను పెరటి గోడ మీది నుంచి చెప్పాను. తీసుకుపోయి వచ్చారు, ఇంకో డబ్బా రాసిచ్చారు, అదీ కక్కాడు. పిల్ల అత్తగారు వచ్చి, మా వైపు ఇట్లాంటి ఎండు కోడళ్లు లేరే అని మా వదిన మొహం మీదే అని పోయింది. ఆ మాటతో వదిన నిలవలేకపోయింది.

తల్లి పోకూడదన్న మాట కూడా పక్కన పెట్టి, ముందు కొత్త అమ్మ దగ్గరికి పోయిందట. అది నల్లరాయి. చెంచాతో గీకితే చెంచా వంగింది తప్ప రాయి మీద గీత కూడా పడలేదు. పూజారి చూసి నానా మాటలూ అన్నాడట, విగ్రహం పాడు చేస్తావా, భిన్నమైతే ఎవరు బాధ్యులని. ఆ తర్వాత కొత్త అమ్మకు ఇనప గ్రిల్లు బిగించి తాళం వేశారు. ముట్టుకోవడానికి లేదు, ఇక ఎన్నాళ్లైనా ఆమె ముక్కు ముక్కులాగే ఉంటుంది. ఆమెతో ఎవరికీ ఏ పనీ లేదు కాబట్టి.

మధ్యాహ్నం వదిన అక్క ఇంటికి వచ్చింది. నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. అక్క నేల మీద చింతపండు గింజలు తీస్తోంది. వదిన చేతిలో వెండి గిన్నె ఉంది, బారసాలకు కొన్న కొత్తది. ఆమె మొహం చూసి నాకు జాలేసింది, అబద్ధం చెప్పను. రెండు మూడు రాత్రుల నిద్ర లేదు. ఏం కావాలని అక్క అడగలేదు. వదిన కిటికీ వైపు చూసింది. అక్కడ రాతి పెచ్చు ఉంది, కొంచెం పసుపు అంటుకుని. తాగింది ఆమే కాబట్టి, ఎప్పుడో వీధిలోంచి చూసి గుంటను గుర్తుపట్టి ఉంటుంది.

"కొంచెమే వదినా. గిన్నె అడుక్కు" అంది.

అక్క చింతపండు పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని లేచింది. ఇస్తుందనే అనుకున్నాను. కిటికీ దగ్గరికి పోయింది కూడా. పోయి, రాయికి అడ్డంగా నిలబడింది.

"అది భిన్నమైంది కదమ్మే. పనికి రాదంటిరి."

వదిన ఏడుపు మొదలుపెట్టింది. అక్క గొంతు పెంచలేదు. కొంగు తీసి భుజం మీద వేసుకుంది. జాకెట్టు హుక్కులు ఒకటొకటిగా విప్పింది. మడిచి పెట్టుకున్న చీర ముక్కలు కింద పడ్డాయి. వేరుశనగ మూట మూతి కుట్టినట్టు, చంక నుంచి ఎద మధ్య దాకా అడ్డంగా కుట్టు. దాని చుట్టూ కాలినట్టు నల్లబడ్డ చర్మం. నేను రోజూ కట్టు మార్చిన చోటే అది. అయినా ఆ వెలుతురులో నేను చూడలేకపోయాను. వదిన అయితే అంతకుముందు ఎప్పుడూ చూడలేదు.

"గీక్కోవల్లంటే ఈడ గీక్కో" అంది అక్క. "రా. నీ కూతుర్ని మోసింది ఈడనే."

వదిన రాలేదు. కళ్లు మూసుకుని అలాగే నిలబడింది. అక్క కూడా అలాగే నిలబడింది, ఎంతసేపైనా నిలబడతానన్నట్టు. చివరికి వదిన గిన్నెను గడప మీద పెట్టి, కాదు, ఆమె చేతిలోంచి అది జారింది, వెనక్కి తిరిగి పోయింది. పెరట్లోంచి పోకుండా వీధిలోంచి పోయింది, ఏడుస్తూ, అందరూ చూస్తుండగా. అక్క చీర ముక్కలు ఏరుకుని, మడిచి, పెట్టుకుని, హుక్కులు వేసుకుంది. చింతపండు ముందేసుకుని మళ్లీ కూర్చుంది.

నాకు సంతోషమేసింది. కడుపు నిండినట్టుంది. ఇన్నేళ్లకు ఒకరికైనా జవాబు దొరికిందనిపించింది. ఆ సంతోషం పెరటి వైపు నుంచి పిల్లవాడి ఏడుపు మళ్లీ మొదలయ్యేదాకా ఉంది. అక్క గింజలు తీస్తూనే ఉంది. ఒకసారి మాత్రం చేయి ఆగింది. కిటికీ వైపు చూసింది. నేను ఆమెనే చూస్తున్నానని తెలిసి మళ్లీ గింజలు తీసింది. ఏడుపు ఎక్కువైనప్పుడు లేచిపోయి పెరటి తలుపు మూసింది.

పిల్లవాడు బతికాడు. అనంతపురం తీసుకొచ్చి పెద్ద డాక్టరుకు చూపిస్తే ఏదో వేరే పాలు రాసిచ్చాడు, అవి పడ్డాయి. ఇప్పుడు నడుస్తున్నాడు, వాళ్ల తాత జీపెక్కి హారను కొడతాడు. అన్న ఇంటివాళ్లు అక్క గడప తొక్కరు, అక్క వాళ్ల గడప తొక్కదు. అన్న కూతురు అత్తింట్లో ఉంది, నేను ఎత్తను, ఇక జాతరకు జ్యోతి ఎత్తే ఆడబిడ్డ మా ఇంట్లో లేక ఈ మధ్య వేరే ఇంటికి ఇచ్చేశారు.

మొన్న మళ్లీ పిల్లల్ని గుళ్లకు తీసుకుపోయాం. ఒక పిల్ల రొమ్ములు అరిగిన ఒక బొమ్మ ముందు ఆగి, టీచర్, ఇది ఎవరు చేసినారు అని అడిగింది. లెక్కల సారు అలవాటు ప్రకారం నోరు తెరిచాడు. ఇంటివాళ్లే అన్నాను. సారు నా మొహం చూసి పిల్లల్ని ముందుకు నడిపించాడు.

ఆ గిన్నె కోసం వదిన ఎప్పుడూ రాలేదు, ఎవరినీ పంపలేదు. అక్క దాన్ని పొయ్యి పక్కన పెట్టుకుని అందులో ఉప్పు పోసుకుంటోంది. ఉప్పు తగిలితే వెండి నల్లబడుతుందక్కా అన్నాను పోయినసారి. తెలుసులే అంది.